బిడ్డ ఏడుపుతో తల్లిని తూచకండి!

తల్లి గడప దాటగానే బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ‘చంకన వేసుకుని చెడగొట్టింది’ అంటారు. ఏడవకుండా ఆడుకుంటే ‘చూశారా, తల్లి మీద ధ్యాసే లేదు, అవ్వే అమ్మయిపోయింది’ అంటారు. ఎటు తిరిగినా తప్పు తల్లిదే! మా బంగారుపాళ్యంలో మామిడికాయల సీజన్లో ఈ మాటలు మరీ ఎక్కువ. మండీలకో, గుజ్జు ఫ్యాక్టరీలకో పనికి పోయే ఆడవాళ్లు చంటిపిల్లల్ని అవ్వల దగ్గర వదలక తప్పదు. బెంగుళూరులో ఉద్యోగాలు చేసే కూతుళ్లదీ ఇదే అవస్థ.

అసలు తల్లీబిడ్డల అనుబంధాన్ని ఏడుపుతో కొలవొచ్చా? ఈ విషయం మీదే జీవితమంతా పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్టు అలా కొలవలేదు.

ఆవిడ 1954లో ఆఫ్రికాలోని ఉగాండా వెళ్లి, కంపాలా దగ్గరి పల్లెల్లో 26 కుటుంబాల ఇళ్లకు నెలల తరబడి తిరిగారు. అక్కడి తల్లులూ తోటపని చేసుకునేవాళ్లే. చాలా ఇళ్లలో బిడ్డను ఎత్తుకునే చేతులు ఇంకా ఉండేవి. నలుగురి చేతుల్లో పెరిగినంత మాత్రాన తల్లితో ముడి వదులు కాలేదని ఆవిడ గమనించారు. బిడ్డ తీరు గురించి వివరంగా చెప్పగలిగే తల్లుల పిల్లలు ఎక్కువ నిబ్బరంగా కనిపించారు.

తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆవిడ ఒక పరీక్ష తయారుచేశారు. ఏడాది బిడ్డ, తల్లి, బొమ్మలున్న ఒక కొత్త గది. ముక్కూమొహం తెలియని ఒకామె లోపలికి వస్తుంది. తల్లి కాసేపు బయటికి పోయి తిరిగి వస్తుంది, మళ్లీ ఇంకోసారి పోయి వస్తుంది. అంతా కలిపి ఇరవై నిమిషాలు. చూసేవాళ్లు అద్దం చాటున ఉంటారు. వాళ్లు ముఖ్యంగా చూసేది తల్లి పోయినప్పటి ఏడుపును కాదు, తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందో! చాలామంది పిల్లలు తల్లిని చూసి ఊరడిల్లి మళ్లీ ఆటలో పడతారు. కొందరు అతుక్కుంటూనే కోపంగా తోసేస్తారు. కొందరు చూడనట్టే ఉంటారు. అయితే ఆ నిమ్మళం పైకి మాత్రమే, లోపల గుండె వేగంగా కొట్టుకుంటోందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

ఈ పరీక్షనూ వేదంలా తీసుకోనక్కర్లేదు. 1980లలో జపాన్‌లో చేస్తే, తల్లిని వదిలి ఎరగని అక్కడి పిల్లలు చాలామంది గుక్కపట్టి ఏడ్చారు. అది అలవాటు లేకపోవడమే కానీ ప్రేమలో లోపమా?

అమెరికాలోనే 1991లో మొదలుపెట్టి వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. వేరేవాళ్ల దగ్గర వదలడం ఒక్కదానివల్లే ముడి తెగదని తేలింది. బిడ్డ మనసు తెలుసుకుని తల్లి పలకడమే అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో ఆ పలుకు కరువై, బయటి సంరక్షణా నాసిగా ఉంటే ఇబ్బంది ఎక్కువ.

కాబట్టి అవ్వ దగ్గర పెరుగుతున్న బిడ్డకు ఇద్దరు అమ్మలు ఉన్నట్టే, ఒకరు తగ్గినట్టు కాదు. చూసుకునే మనిషి మాటిమాటికీ మారకపోతే చాలు. బిడ్డ ఏమారినప్పుడు దొంగచాటుగా జారుకోకండి. ‘పోయొస్తా కన్నా’ అని చెప్పే వెళ్లండి. ఏడిస్తే ఏడవనివ్వండి, చెప్పినట్టే తిరిగి వస్తారన్న నమ్మకం మెల్లగా అదే కుదురుతుంది.

ఇంట్లో మిగతావాళ్లకూ ఒక మాట. పని నుంచి వచ్చిన కోడలు చెప్పులు విప్పీ విప్పకముందే పొయ్యి దగ్గరికి పరిగెత్తాల్సి వస్తోంది. బిడ్డ చేతులు చాచేదీ సరిగ్గా అప్పుడే. ఆ పావుగంట ఎసరు అత్తగారు పెట్టొచ్చు, మొగుడూ పెట్టొచ్చు. తల్లి ప్రేమను తూచడానికి తీరిక ఉన్నవాళ్లకు, ఆమాత్రం తీరిక ఉండదా?