రేగడి దారికి తగిన మోటారుసైకిలు

ఈ నెల మాకు చేరిన జాబులలో గోస్పాడు మండలము నుండి వచ్చిన యొక జాబు మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. వ్రాసిన సోదరి రైతు సేవా కేంద్రమున వ్యవసాయ సహాయకురాలు. పైరు వేసిన చేనికి స్వయముగా పోయి, అచ్చట నిలిచి, ఫోటో తీసి ఈ-పంట లెక్కలో నెక్కించుట ఆమె పనులలో నొకటి. ఆ లెక్కకు ఎక్కని చేనికి పంటబీమా గాని నష్టపరిహారము గాని అందుట కష్టము. వానకాలమున ఆమె స్కూటరు డొంకదారిలో దిగబడిపోవుచున్నదట. అన్నగారికి తీరిక యున్ననాడు ఆయన బండివెనుక కూర్చుండి పోవుటయు, తీరిక లేనినాడు ప్రయాణము మానుటయు జరుగుచున్నదట. "రోడ్డు లేనిచోట నడచు మోటారుసైకిలు కొందునన్నచో, నీవు అయిదడుగులదానవు, కాళ్లందవు, పడిపోదువని ఇంటిలో నవ్వుచున్నారు. పొట్టివారికి తగిన బండి యేదైన కలదా?" అని ఆమె ప్రశ్న.

నవ్వువారు ఒక సంగతి ఎఱుగరు. కుటుంబారోగ్య సర్వేల ననుసరించి మన దేశమున స్త్రీల సగటు ఎత్తు ఇంచుమించు 152 సెంటీమీటరులు, అనగా అయిదడుగులే. ఈ సోదరి పొట్టిది కాదు, మనలో నలుగురివంటిదే. బండియే పొడుగరులను మనసున నుంచుకొని చేయబడినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వ దానిని చూడుడు. వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకొనకుండ వెనుకచక్రమునకు సగమైనను మఱుగు ఉండవలెనని అందు వ్రాసియున్నది. దానినే మనవారు చీరగార్డు అందురు. చీర కట్టినది వెనుకనే కూర్చుండునని లోకము ఎంత గట్టిగా నమ్మినదో ఆ పేరే చెప్పుచున్నది.

ముందు కూర్చుండిన స్త్రీలు లేకపోలేదు. 1973లో ఆన్ ఫ్రాన్స్ దోత్‌విల్ అను ఫ్రెంచి వనిత 125 సి.సి. కవాసాకి మీద ఒంటరిగా ప్రపంచము చుట్టివచ్చెను. 2018లో మన హైదరాబాదు నుండి జయభారతి మొదలగు నలుగురు వనితలు మోటారుసైకిళ్లపై మెకాంగు నది పాఱు దేశములకు పోయి, సుమారు 17,000 కిలోమీటరులు తిరిగివచ్చిరి. 2019లో బెంగుళూరి ఐశ్వర్య పిస్సే ఇసుకదారుల బాహా పందెములలో స్త్రీల ప్రపంచకప్పు గెలిచెను. అయినను ఈ సోదరికి కావలసినది ప్రపంచయాత్ర కాదు. గోస్పాడు డొంకను దాటి చేనికి చేరుట. కనుక మొదట ఆ డొంకను గూర్చియే మాటాడుకొందము.

కుందూనది పరిసరముల నున్నది నల్లరేగడి. అది వేసవిలో నెఱ్ఱెలు వాఱును. వానకు ఉబ్బి బంకవలె సాగును. ఇట్టి మన్నున బండి నిలిచిపోవుట ఎల్లప్పుడును బలము చాలక కాదు. చక్రమున కంటిన మన్ను చక్రముతోడనే తిరిగి మడ్గార్డులోనికి చొచ్చి, అచ్చట కూరుకొని, కడకు చక్రమునే బిగించివేయును. స్కూటరు చక్రములు పది పండ్రెండు అంగుళములవి. మడ్గార్డు వానిని తాకునంత దగ్గఱగా నుండును. నేలకును బండి అడుగునకును నడుమ ఎడము ఏడంగుళములైన నుండదు. ట్రాక్టరు త్రొక్కిన గాడి ఒక్కొకచోట అంతకంటె లోతు. రోడ్డు లేనిచోట నడచుటకు చేసిన బండి సంగతి వేఱు. దాని ముందుచక్రము తఱచుగా 21 అంగుళములది. మడ్గార్డు చక్రమునకు చాల ఎత్తున గొడుగువలె నిలిచియుండును. అది అందమునకు పెట్టినది కాదు, మన్ను రాలిపోవుటకు పెట్టినది. క్రింది ఎడము ఎనిమిదిన్నర అంగుళములకు మించి యుండును. ఆళ్లగడ్డ దాటి అహోబిలము వైపు నల్లమల పాదమున తిరుగువారికి బంకమన్ను బాధ తక్కువ, రాళ్ల బాధ యెక్కువ. వారికిని ఈ ఎడమే ఇంజనును కాచును.

సీటు ఎత్తగుటకు కారణము కూడ ఇదియే. క్రింద ఎడము, చక్రము పైకి క్రిందికి ఆడుటకు చోటు, ఆపైన ఇంజను, ఆపైన సీటు. పొట్టిబండి కావలెనని అడుగువారు వీనిలో దేనిని వదలుకొనుచున్నారో ముందుగా తెలిసికొనవలెను.

ఇక కొలతలు. తల ఎత్తు కాదు కొలువవలసినది, కాలి ఎత్తు. చెప్పులు విడిచి గోడకు వీపు ఆనించి నిలువుడు. అట్టపుస్తక మొకటి కాళ్లనడుమ ఉంచి, అంచు గోడకు తాకునట్లు పైకి నొక్కి, పైయంచు దగ్గఱ పెన్సిలుతో గీయుడు. నేలనుండి ఆ గీతవఱకు ఎంతయో అదియే మీ కాలికొలత. అయిదడుగుల స్త్రీకి ఇది సుమారు 27 అంగుళము లుండును. హీరోవారి ఎక్స్‌పల్స్ 200 సీటు ఎత్తు 825 మిల్లీమీటరులు, అనగా ముప్పదిరెండున్నర అంగుళములు. తేడా అయిదున్నర అంగుళములు! ఇచ్చటనే చాలమంది కాగితము మడిచి ఇంటికి పోవుదురు. కాని ఆ లెక్క నిజమైన లెక్క కాదు. మనము కూర్చుండగనే షాక్ అబ్జార్బరులు కొంత క్రుంగును. గట్టి బూటు అంగుళమైన నిచ్చును. సీటు ముందుభాగము సన్ననిదైనచో కాలు తిన్నగా దిగును. వెడల్పైనచో తొడలు విడివడి ఉన్న కాలు కూడ కుఱుచయగును. అందుచే ఒకే ఎత్తుగల రెండు సీట్లలో ఒకటి అందును, రెండవది అందదు. అన్నిటికంటె ముఖ్యమైన మాట: రెండు పాదములును నేల నానవలెనను నియమ మెక్కడను లేదు. సీటుమీద ఒక ప్రక్కకు జరిగి ఒక కాలి మునివేళ్లు గట్టిగా ఆనినచో బండి నిలుచును. రెండవ కాలు వెనుక బ్రేకుమీద నుండవలసినదే కదా!

ఎత్తుకన్న మేము ఎక్కువగా భయపడునది బరువునకు. రాయల్ ఎన్‌ఫీల్డువారి పాత హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటరులే. ఎక్స్‌పల్స్ కంటె అంగుళము తక్కువ. పొట్టివారికి అదే మేలని చెప్పువారు పెక్కుమంది. కాని దాని బరువు ఇంచుమించు 199 కిలోలు. ఎక్స్‌పల్స్ 200 సుమారు 160. యాబది కిలోల మనిషి రేగడిలో ఒరిగిన బండిని నిలువబట్టవలసివచ్చినపుడు ఆ నలుబది కిలోల భేదము ఎంతటిదో ఊహించుకొనుడు. 2024 చివర మన దేశమునకు వచ్చిన కవాసాకి కె.ఎల్.ఎక్స్. 230 ఇందులకు తలక్రిందు: బరువు 139 కిలోలే గాని సీటు 880 మిల్లీమీటరులు. ఆరితేఱినవారికి అది బాగుండును. మొదటి బండిగా మేము చెప్పము. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 సీటు 830, బరువు 168. బలము పెరిగినది, బరువును పెరిగినది. డొంకదారికి ఆ అధికబలముతో పని తక్కువ.

ఎత్తు తగ్గించు ఉపాయములు నాలుగైదు చెప్పుదురు. అన్నియు ఒక్కటి కావు. సీటులోని స్పంజిని కోయించి, పైగుడ్డ తిరిగి కుట్టించుట అన్నిటికంటె నిరపాయము. ఒక అంగుళము తగ్గును. ముందుభాగము సన్నము చేయించినచో ఇంకను లాభము. పని తెలిసిన సీటు కుట్టువాడు చాలును. ఎక్కువ కోసినచో గంటసేపటికే నడుము చెప్పును. వెనుక షాక్ అబ్జార్బరు స్ప్రింగు బిగింపును కంపెనీ చూపిన మేరకు సడలించుట రెండవది. తేలికమనిషికి అది మేలు కూడ. మూడవది లోయరింగు లింకు అను ముక్క బిగించి వెనుకభాగమును దించుట. దీనిని మేము మెచ్చము. వెనుక మాత్రమే దించినచో బండి నడక మాఱును. ముందు ఫోర్కులను కూడ తగినంత దింపవలెను. క్రింది ఎడము పోవును, ఏ ఎడము కొఱకు ఈ బండి కొంటిమో అదే! సైడుస్టాండు మునుపటి పొడవుననే యుండుటచే బండి నిటారుగా నిలిచి, చిన్నతాకుడుకే అవతలివైపు పడును. స్టాండును కోయించక ఆ పని చేయించుకొన్నవారు ఈ చిక్కు పడుదురు.

కాళ్లందనిది నడుచునపుడు కాదు, నిలుచునపుడు మాత్రమే. కాబట్టి పొట్టివారు నేర్వవలసిన విద్య నిలుచు విద్య. ఆగుటకు ముందే, ఏ ప్రక్క నేల ఎత్తుగా నున్నదో చూచి, ఆ ప్రక్క కాలు దింపవలెను. గాడివైపు దింపిన కాలు నేల నందుకొనదు, బండి మీదకు వచ్చును. ఎక్కుటకు సైడుస్టాండుపై బండి నుంచి, ఎడమపాదము ఫుట్‌రెస్టుపై మోపి, గుఱ్ఱమెక్కినట్లు కుడికాలు అవతల వేయవలెను. గతుకులలో ఫుట్‌రెస్టులమీద లేచి నిలిచి నడుపుట నేర్చినచో సీటు ఎత్తు మాటయే మఱచిపోవుదురు. రేగడిలో ముందుబ్రేకు ఒక్కసారిగా పట్టరాదు. యాక్సిలరేటరు ఒకే తీరున నుంచి, దూరముగా చూచుచు పోవలెను.

బండి పడును. దానికి సిగ్గు అక్కఱలేదు. మొదటివానకు పడని మగవాడును లేడు. పడినపుడు ఇంజను ఆపి గేరులో నుంచుడు. కుడివైపు పడినదైనచో సైడుస్టాండు ముందే దించుడు, లేకున్న నెత్తిన బండి అవతలికి పోవును. పిమ్మట బండికి వీపు ఆనించి కూర్చుండి, ఒకచేత హ్యాండిలును, ఒకచేత వెనుకపట్టును పట్టి, నడుము వంచక కాళ్ల బలముతో వెనుకకు అడుగులు వేయుడు. కొనుటకు ముందే, ఎఱిగినవారి బండిని మెత్తని నేలపై పడుకొనబెట్టి ఇది చేసిచూడవలెను. లేపలేనిచో ఆ బండి మీది కాదు, సీటు ఎంత అందినను.

ఇక ఈ సోదరికి మా అభిప్రాయము. డబ్బును బరువును చూడగా, బాగుగా నున్న పాత ఎక్స్‌పల్స్ 200 వెదకి, సీటు ఒక అంగుళము తగ్గించుకొనుట మేలని తోచుచున్నది. పైన చెప్పినట్లు లేపలేకపోయినను, ఒక కాలైన గట్టిగా ఆనకపోయినను, పట్టుదలకు పోక స్ప్లెండరువంటి సామాన్యపు బండి తీసికొనవచ్చును. సీటు 785 మిల్లీమీటరులు, బరువు 112 కిలోలు. క్రింది ఎడము ఆరున్నర అంగుళములే గనుక లోతుగాడిలో తాకును; కాని అంత తేలికబండిని గాడినుండి తప్పించి గట్టుపై నడుపుట సులభము. దానికి లోతైన గళ్లుగల టైర్లు వేయించి, ముందుమడ్గార్డును చక్రమునుండి ఇంకను పైకి ఎత్తి బిగించుటకు వీలగునేమో మెకానిక్కు నడుగవలెను.

దుకాణమునకు అన్నగారు తోడువచ్చిన రావచ్చును. సీటుమీద కూర్చుండవలసినది మాత్రము ఈమెయే. అమ్మువారు తాళము ఎవరిచేతి కిచ్చినను, ప్రతిదినము తొడుగు బూట్లతో, ప్రతిదినము కట్టు దుస్తులతో పోయి, పావుగంటయైనను దానిపై కూర్చుండి, దించి, ఎక్కించి చూడవలెను. చున్నీ చక్రములో చిక్కి ప్రాణము తీసిన సందర్భములు కలవు. దానిని మడిచి సంచిలో నుంచుట మంచిది. హెల్మెట్టు కూడ తన తలకు సరిపడునది కొనవలెను. మగవారి పెద్దహెల్మెట్టు పడినపుడు తలపై నిలువదు. గేరుబండికి లైసెన్సు వేఱు. స్కూటరు లైసెన్సు దానికి చెల్లదు.

చేనిగట్టున బండి నిలుపునపుడు ఇంకొకటి. తడిసిన రేగడిలో సైడుస్టాండు మొన మెల్లగా దిగి, ఫోటో తీసి తిరిగివచ్చునప్పటికి బండి ప్రక్కకు పడియుండును. అరచేయి వెడల్పు ఇనుపరేకు నొకదానికి బెజ్జము పెట్టి, తాడు కట్టి, హ్యాండిలునకు తగిలించుకొనుడు. స్టాండు క్రింద దానిని వేసి బండి నిలుపుడు. పోవునపుడు తాడు పట్టి లాగినచో, వంగకయే చేతికి వచ్చును.