తామర తొట్టి గట్టుకి మెరిసే రాయి వద్దు, కాలు నిలిచే రాయి కావాలి

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు వాకిట్లో చిన్న తామర తొట్టి కూడా కట్టించుకునే సరదా ఈమధ్య మా మునగపాకలోనూ కనిపిస్తోంది. తులసికోటకి ఎదురుగా నలుచదరంగా ఒక తొట్టి, అందులో నాలుగు కలువలు, పదో పదిహేనో గప్పీ చేపలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాదనను. మా ఇంట్లోనూ ఇప్పుడు ఆ ఆలోచనే నడుస్తోంది. ఎంత లోతు, ఏ మొక్క, ఏ చేప అన్నవాటి మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా గట్టు మీద పరిచే అంచు రాయి దగ్గరే వచ్చింది.

మావారికి పోర్టికో మెట్లకి వేసిన నల్ల గ్రానైటే కావాలి, అద్దంలా మెరిసేది. ఒంగోలు దగ్గర చీమకుర్తిలో దొరికే గెలాక్సీ గ్రానైట్ అయితే, ఆ నలుపులో బంగారు చుక్కలు ఎండకి తళతళలాడతాయట. "వీధిలోంచి చూస్తే రిచ్‌గా ఉంటుంది వదినా" అని మా మరిది వంత పాడతాడు. వీధిలోంచి చూసేవాళ్ళు ఎంతసేపు చూస్తారు? గేటు దాటే వరకు. ఆ గట్టు మీద రోజూ అడుగుపెట్టేది ఎవరు? అసలు అడగాల్సిన ప్రశ్న ఇదీ అని నా అభిప్రాయం.

మా ఇంట్లో లెక్క చెప్తాను, మీ ఇంటికి సరిపోతుందేమో చూడండి. తెల్లవారుజామున తులసమ్మకి నీళ్ళు పోయడానికి డెబ్భై అయిదేళ్ళ మా అత్తయ్య తడికాళ్ళతో వస్తారు. రాలిన ఆకులు, వాడిన కలువలు ఏరడానికి నేను గట్టు మీద గొంతుక్కూర్చుంటాను. పండక్కి వచ్చే మా మనవరాలికి మూడేళ్ళు, చేపల్ని చూడకుండా ఒక్క నిమిషం ఆగదు. ముగ్గురమూ చెప్పుల్లేకుండానే తిరుగుతాం, గట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పాలిష్ రాయి మీద నీటి పొర, దాని మీద కాస్త పాచి పట్టిందంటే చెప్పేదేముంది! ఆ వయసులో అత్తయ్య జారి తుంటి ఎముక విరిగితే ఆవిడ బాధ ఆవిడది. ఆ తర్వాత నెలల తరబడి మంచం పక్కన ఉండేది ఎవరు? గెలాక్సీ గ్రానైట్ ఎంచినవాళ్ళు కాదు కదా.

నిజానికి రాళ్ళ సంగతి ఆడవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? రోలు నున్నబడితే పప్పు నలగదని గంట్లు కొట్టించినది మన అమ్మలే. బట్టలుతికే బండ నున్నగా ఉంటే చాలదు, కాలు ఆనే చోటు గరుగ్గా ఉండాలని చెప్పిందీ వాళ్ళే. పాత ఇళ్ళ అరుగు అంచు రాయికి ఎవరూ పాలిష్ పట్టించలేదు. తరాల తరబడి మనుషులు కూర్చుని లేవగా వచ్చిన నునుపే దానిది. సింహాచలం కొండ కింద వరాహ పుష్కరిణి మెట్లైనా, మన ఊళ్ళలో నూతి గట్లైనా తడికాలు నిలవడం కోసం కట్టినవే. ఇంత అనుభవం మనకి ఉండగా, తొట్టి గట్టు దగ్గరికి వచ్చేసరికి కేటలాగు చూసి ఎంచుకోవడం ఏమిటి?

సరే, మెరిసేది వద్దంటే ఏది కావాలి అంటారా? గ్రానైట్ వద్దని నేననడం లేదు, ఆ పాలిష్ వద్దంటున్నాను. అదే గ్రానైట్‌ని మంటతో కాల్చి పైపొర చిట్లేలా చేస్తారు, దాన్నే షాపుల్లో ఫ్లేమ్డ్ ఫినిష్ అంటారు. చేత్తో తడిమితే ఉప్పు పలుకుల్లా గరుగ్గా తగులుతుంది, తడిసినా కాలు నిలుస్తుంది. మనకి టెక్కలి వైపు క్వారీల్లోంచి వచ్చే నీలి గ్రానైట్ ఉండనే ఉంది. బూడిద, నీలం కలిసిన రంగు, పచ్చటి కలువ ఆకుల పక్కన నిదానంగా ఉంటుంది. నలుపు మరీ ఎండని పీల్చుకుంటుంది. మే నెల మధ్యాహ్నం దాని మీద ఉత్తి కాలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

కడప బండ, బేతంచెర్ల నాపరాయి, తాండూరు బండ కూడా మంచివే. సహజంగా పొరగా విడిన పైభాగాన్ని అలాగే ఉంచితే పట్టు బాగుంటుంది. అయితే ఇవన్నీ సున్నపురాయి జాతి. పులుపు తగిలితే మచ్చ పడుతుంది. మన బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే, నల్లటి కడప బండ మీద ఆరిన నీటి గీత తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని పోగొట్టాలని ఎవరైనా యాసిడ్ పోశారో, రాయి తినేస్తుంది, చేపలు చస్తాయి. ఉప్పు నీళ్ళున్న ఇళ్ళకి లేత రంగు తాండూరు బండ నయం. కొనేది సున్నపురాయో కాదో తేల్చుకోవాలంటే ముక్క మీద రెండు చుక్కలు నిమ్మరసం వేసి కాసేపు ఉంచండి. సున్నపురాయి అయితే ఆ చోటు కళ తప్పుతుంది. గ్రానైట్ చెక్కుచెదరదు.

గుండ్రటి కొండరాళ్ళు పేర్చితే ప్రకృతి సహజంగా ఉంటుందని మా ఆడపడుచు సలహా. మా పక్కనే కొండకర్ల ఆవ ఉంది. తాటి దోనెలో తిరుగుతూ తామరలు చూసినవాళ్ళకి ఆ అందం వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆవకి గట్టు గీత ఉండదు, నీరు మెల్లగా గడ్డిలో కలిసిపోతుంది. మనం కట్టేది ఆవ కాదు, చిన్న కోనేరు. నాలుగు గీతలు తిన్నగా ఉంటేనే దానికి అందం. పైగా రాయికీ రాయికీ మధ్య సందుల్లో ఆకులు ఇరుక్కుంటే ఊడ్చలేం, పురుగూ పుట్రా చేరితే కనబడదు.

కొలతల విషయంలో మాత్రం నా మాట గట్టిగా వినండి. తొట్టి కట్టేశాక రాయి వెతకడం కాదు, రాయి కొలతని బట్టి తొట్టి కట్టించాలి. గట్టు పరిచాక మధ్యలో కనిపించే నీరు 6 అడుగులు, 4 అడుగులు అనుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు బండలు పొడవు వైపు మూడేసి, అడ్డం వైపు రెండేసి, మొత్తం 10. నాలుగు మూలలకీ అడుగు చదరం ముక్కలు 4. అన్నీ కలిపి 24 చదరపు అడుగులు, ఎక్కడా చిన్న అతుకు ముక్క ఉండదు. చదరపు అడుక్కి వంద రూపాయలు తేడా ఉన్నా మొత్తం మీద తేడా 2400. "నీ రాయి ఖరీదు" అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

మందం రెండు అంగుళాలు ఉండాలి. వంటగట్టుకి వేసే ముప్పావు అంగుళం రాయి ఇక్కడ అట్టముక్కలా కనిపిస్తుంది, కొసన బరువు పడితే విరిగే భయం కూడా. రెండు అంగుళాల మందమైతే ఒక్కో బండ పాతిక కిలోలు తూగుతుంది, కాలు వేస్తే కదలదు. రాయిని గోడ మీంచి లోపలికి రెండు అంగుళాలు ముందుకి జరిపించండి. దాని నీడలో నీటి మట్టం గీత, సిమెంటు మరకలు కనపడకుండా పోతాయి. అందుకని గోడకీ గోడకీ మధ్య 6 అడుగుల 4 అంగుళాలు, 4 అడుగుల 4 అంగుళాలు ఉంచాలి. గట్టు నేల కన్నా రెండు మూడు అంగుళాలు ఎత్తుగా, వాలు బయటికి ఉండాలి. మనకి అక్టోబరు, నవంబరు తుపాను వానలు కొత్తవి కావు, వాలు లోపలికి ఉంటే వాకిట్లో బురదంతా చేపల మీదకే. కొసలకి వంటగట్టుకి చేయించినట్టే గుండ్రంగా మౌల్డింగ్ చేయిస్తే పిల్లల మోకాళ్ళు గీసుకోవు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఏ రాయీ పిల్లల్ని నీళ్ళలో పడకుండా ఆపదు. జానెడు నీళ్ళు చాలు ప్రమాదానికి. నీటి మట్టానికి కాస్త పైన స్టీలు జాలీ బిగించుకోవాలి. దాని ఫ్రేము, ముందుకి జరిపిన అంచు రాయి నీడలో దాగిపోతుంది. ఇది గట్టు కట్టకముందే మేస్త్రికి చెప్పాలి, తర్వాత అతికించడం కష్టం. జాలీ ఉన్నా సరే, పసిపిల్లలు అటు వెళ్తే పెద్దవాళ్ళు ఒకరు వెంట ఉండాల్సిందే. దోమల సంగతీ అంతే. డెంగీ దోమ మురుగులో కాదు, కదలని మంచి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గప్పీలు పిల్ల పురుగుల్ని తింటాయి, అయినా వారానికోసారి గట్టు మీద కూర్చుని ఆకుల మధ్య చూసుకోవాలి. కూర్చోడానికి వీల్లేని గట్టైతే ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది.

పనికిరాని సరదా అని తొట్టినే వద్దనేవాళ్ళతో నేను కలవను. సాయంత్రం పూట ఆ నీళ్ళ పక్కన పది నిమిషాలు కూర్చునే హక్కు ఇంటి చాకిరీ చేసేవాళ్ళకి తప్పకుండా ఉంది. అందుకే ఎంపికలో మన మాట చెల్లాలంటున్నాను. కొలతలు మేస్త్రితో, ధర మావారితో మాట్లాడించండి, రాయి మాత్రం మీరే వెళ్ళి చూడండి. ఫోనులో వచ్చిన ఫొటో చూసి సరే అనకండి. షాపులో ముక్కని నేల మీద పెట్టించి, మగ్గుడు నీళ్ళు పోయించి, చెప్పు విడిచి కాలు పెట్టి చూడండి. వీలైతే అత్తయ్యనీ తీసుకెళ్ళండి. ఆవిడ కాలు నిలిచిన రాయే కొనండి, అది ఏ రంగుదైనా సరే.