‘సిలబస్‌లో లేదు’ అన్న రోజు



సాయంత్రం మన ద్వారకా నగర్ క్యాంపస్ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. ఆటోలు, స్కూటర్లు, వ్యాన్లు, వాటి మధ్య దారి చేసుకుంటూ మొక్కజొన్న పొత్తుల బండి. పిల్లవాడు బయటికి వచ్చి బ్యాగు చేతికివ్వగానే మనలో చాలామంది అడిగే మొదటి మాట ఒకటే: “ఎన్నొచ్చాయి?” తగ్గాయని తెలిస్తే రెండో మాట: “మరి నీ పక్కవాడికి?”

నేనూ ఒక తల్లినే. నా కూతుర్ని నేనూ అలాగే అడిగాను, చాలా ఏళ్లు. అందుకే ఈ నెల మీకు సలహాలిచ్చే ముందు, నేను చేసిన ఒక తప్పు మీతో చెప్పుకోవాలి.

ఒక ప్రశ్న, ఒక గడియారం

నిరుడు ఎనిమిదో తరగతిలో కాంతి పాఠం చెబుతున్నాను. యూనిట్ టెస్టుకు నాలుగు రోజులే ఉంది. పాఠం ఇంకా సగం మిగిలింది. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి చెయ్యెత్తాడు.

“మేడమ్, ఆర్కే బీచ్‌లో సీసాతో నీళ్లు పట్టి చూశాను. సీసాలో నీళ్లకి రంగు లేదు. మరి సముద్రం నీలంగా ఎందుకుంటుంది?”

“ఆకాశం రంగు నీళ్లలో కనిపిస్తుంది కదా, అందుకు” అన్నాను.

వాడు కూర్చోలేదు. “ముడసర్లోవ చెరువు మీద కూడా అదే ఆకాశం కదా మేడమ్. ఆ నీళ్లు నీలంగా లేవేం?”

నేను గోడ గడియారం చూశాను. “అది సిలబస్‌లో లేదు. కూర్చో” అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడూ కొంచెం నవ్వి కూర్చున్నాడు. పాఠం టైముకి పూర్తయింది. నేను ఆ సంగతి అక్కడే మరిచిపోయాను.

రెండు నెలల తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మ గారు నా ఎదురుగా కూర్చున్నారు. మార్కులు బాగానే ఉన్నాయి, ఆమె సంతోషంగానే ఉన్నారు. లేవబోతూ ఒక మాట అన్నారు: “ఏటో మేడమ్, ఇదివరకు ఇంట్లో ప్రశ్నలతో మా ప్రాణం తీసేవాడు. ఈ మధ్య ఏం లేదు. మొన్న వాళ్ల నాన్న గారే ‘కడలి మీద ఓడ మునగదేంరా’ అని అడిగితే, ‘అది సిలబస్‌లో లేదులే నాన్నా’ అన్నాడు.”

ఆమె నవ్వుతూనే చెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు.

ఇదే ఊళ్లో పెరిగిన ఒక పిల్లవాడు

ఆ రాత్రి పుస్తకాలు తీసి చూశాను. వాడి అనుమానం సరైనది. నేను చెప్పిన జవాబే చాలదు. సుమారు వందేళ్ల కిందటే ఒకాయన ఆ జవాబును పక్కకు పెట్టారు. పైగా ఆయన బాల్యం గడిచింది మన విశాఖపట్నంలోనే.

సర్ సి.వి. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడిగా చేరారు. అప్పటికి రామన్‌కి నాలుగేళ్లు. ఆయన సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి, పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఇవి మనం గర్వంగా చెప్పుకునే సంగతులు. నాకు ఇప్పుడు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది 1921 నాటి సంగతి. ఇంగ్లండు నుంచి నర్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ, మధ్యధరా సముద్రం నీలం చూసి ఆయన ఆగిపోయారు. సముద్రపు నీలం ఆకాశం ప్రతిబింబమేనని అప్పటికే లార్డ్ రేలీ చెప్పి ఉన్నారు. రేలీ అంటే నోబెల్ బహుమతి పొందిన మహా శాస్త్రవేత్త. ఆ మాట నమ్మేసి రామన్ డెక్కు మీద కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు.

ఆయన జేబులోంచి నికోల్ పట్టకం అనే చిన్న స్ఫటికం తీశారు. నీటి పైన ప్రతిఫలించే వెలుతురును దాంతో అడ్డుకుని చూశారు. ఆకాశం ప్రతిబింబం పోయింది. సముద్రం నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. అంటే ఆ రంగు నీటిలోంచే వస్తోంది. ఓడ బొంబాయి చేరేసరికి ఆ సంగతి వ్యాసంగా రాసి ‘నేచర్’ పత్రికకు పంపారు. ద్రవాల్లో కాంతి ఎలా చెదురుతుందో చూస్తూ ఆ ప్రశ్న వెంటే ఏడేళ్లు నడిచారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ బయటపడింది. 1930లో నోబెల్ వచ్చింది. మన పిల్లలు ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుకొనేది ఇందుకే.

మన అబ్బాయి ప్రశ్నకు జవాబు కూడా చెప్పాలి కదా. నీరు ఎరుపు కాంతిని కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది, నీలాన్ని చాలావరకు వదిలేస్తుంది. సీసాలో నీరు జానెడు మందమే కాబట్టి ఆ తేడా కంటికి తెలియదు. మీటర్ల లోతు దాటేసరికి ఎరుపు పోయి నీలం మిగులుతుంది. ఆ నీలాన్ని నీటి అణువులు చెదరగొట్టి మన కంటికి తిరిగి పంపుతాయి. చెరువులో నాచు, మట్టి ఉంటాయి గనక అది ఆకుపచ్చగానో గోధుమరంగుగానో కనిపిస్తుంది. అలలు ఇసుకను కలిపే చోట మన బీచ్ నీళ్లు కూడా అంతే. రామన్ చెప్పింది అణువులు కాంతిని చెదరగొట్టే సంగతి. నీరు ఎరుపును పీల్చుకోవడం కూడా ఇందులో ముఖ్యమేనని తర్వాతి వాళ్లు వివరించారు. అంటే రామన్ జవాబు దగ్గర కూడా ప్రశ్న ఆగిపోలేదన్నమాట.

తెలియదన్న మాస్టారు

రెండో మనిషి మనకు ఇంకా దగ్గరివారు. కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు, సి.ఆర్. రావు అంటే ప్రపంచమంతా తెలిసిన గణాంక శాస్త్రవేత్త. 1940లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితంలో ఎం.ఏ. పూర్తిచేశారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ బస చేసిన చోట పరిచయమైన ఒక యువకుడి ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, వెళ్లి చూసి, 1941లో అందులో చేరారు.

మూడేళ్ల తర్వాత ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. చాలా ఎక్కువ వివరాలు సేకరించినప్పుడు వర్తించే ఒక సూత్రం అది. ఒక విద్యార్థి లేచాడు: తక్కువ వివరాలే ఉన్నప్పుడు కూడా ఇలాంటిది చెప్పగలమా? ఆ విద్యార్థి వి.ఎం. దండేకర్. తర్వాతి కాలంలో దేశంలో పేదరికం మీద అధ్యయనాలు చేసి పేరు పొందిన ఆర్థికవేత్త ఆయనే.

రావు గారి వయసు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. జవాబు తెలియదు. “అది ఈ పాఠంలో లేదు” అంటే అడిగేవాళ్లు లేరు. ఆయన ఆ ప్రశ్నను ఇంటికి తీసుకెళ్లారు. రాత్రంతా కూర్చుని జవాబు కట్టారు. మర్నాడు క్లాసుకు వచ్చి బోర్డు మీద రాసి చూపించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే నేడు ప్రపంచం క్రామెర్-రావు అసమానత అని పిలుస్తోంది.

అదేమిటో మన వంటింటి భాషలో చెప్పుకోవచ్చు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. ఆ మెతుకును బట్టి కుండంతటి గురించి ఎంత కచ్చితంగా చెప్పగలం? ఎంత తెలివిగా లెక్కవేసినా ఈ హద్దు దాటి కచ్చితంగా చెప్పలేం అని గీత గీసి చూపేది ఆ సూత్రం.

సృజన అంటే డ్రాయింగ్ పీరియడ్, క్రాఫ్ట్ ప్రాజెక్టు అనుకుంటాం. అవీ సృజనే. అయితే అంతవరకు లేని జవాబును తెల్లారేలోగా తయారుచేయడం కూడా సృజనే. దానికి పునాది ఇద్దరు మనుషులు వేశారు. ఒకరు అడగడానికి భయపడని విద్యార్థి. రెండోవారు తెలియకపోవడానికి సిగ్గుపడని గురువు. ఆ రోజు మా క్లాసులో మొదటివాడు ఉన్నాడు. రెండోవారే లేరు.

మరి మార్కులు?

మీలో కొందరు ఈపాటికి అనుకుంటూ ఉంటారు: “చెప్పడానికి బాగానే ఉంది మేడమ్. రేపు సీటు కావాలంటే ప్రశ్నలు చూసి ఇస్తారా?” న్యాయమైన మాట. ఫీజు కట్టడానికి మీరు ఎన్ని ఖర్చులు తగ్గించుకుంటున్నారో నాకు తెలుసు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు దిగి కళ్లు మూతలు పడుతున్నా పిల్లవాడి డైరీ చూసే తండ్రులు నాకు తెలుసు. మార్కులు వద్దని నేను అనడం లేదు. రామన్, రావు గార్లిద్దరూ పరీక్షల్లో ముందు వరసలో నిలిచినవారే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రావు గారి తల్లి లక్ష్మీకాంతమ్మ గారు ఆయన్ని చిన్నతనంలో రోజూ తెల్లవారుజామున నాలుగింటికే లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి పెట్టేవారట. ఇది చదివి రేపటి నుంచి నాలుగింటికి అలారం పెట్టేద్దామని మీకు అనిపించవచ్చు. పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. పెద్దవారయ్యాక తన పుస్తకంలో తల్లికి కృతజ్ఞత చెప్పినప్పుడు, ఆయన ఆమెకు రుణపడింది ర్యాంకు తెప్పించినందుకని రాయలేదు. తెలుసుకోవాలన్న తపనను తనలో నాటినందుకని రాశారు. అమ్మ ఆయనతో పాటు మేలుకుంది. దీపం తన చేత్తో వెలిగించింది. పిల్లలకు గుర్తుండిపోయేది అది.

ఆ తపన ఆయన్ని ఎంత దూరం నడిపించిందో చూడండి. ఇక్కడ పదవీ విరమణ వయసు వచ్చాక అమెరికా వెళ్లి మళ్లీ పాఠాలు, పరిశోధన మొదలుపెట్టారు. గణాంక శాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి 2023లో ఆయనకు ప్రకటించినప్పుడు వయసు 102 ఏళ్లు. ఆ ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఎదగడం పదో తరగతితోనో, ఉద్యోగంతోనో అయిపోదని ఇంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు?

ఈ నెల ఇంట్లో

పెద్ద ప్రణాళికలు వద్దు. నాలుగు చిన్న పనులు చేసి చూడండి.

ఒకటి: గేటు దగ్గర మార్కులు అడగండి, ఫరవాలేదు. ఇంటికి చేరేలోగా ఇంకొకటి కూడా అడగండి: “ఇవాళ నీకు అర్థం కానిది ఏంటి?” అర్థం కానిది ఉందంటే తిట్టకండి. అది కూడా చదువులో భాగమే.

రెండు: వారానికి ఒక్కసారైనా పిల్లల ముందు “నాకు తెలీదు, చూద్దాం పద” అనండి. ఫోన్ తీసి వెంటనే జవాబు చూపించేయకండి. ముందు వాళ్లేమనుకుంటున్నారో చెప్పనివ్వండి. మన ద్వారకా నగర్‌లోనే పౌర గ్రంథాలయం ఉంది. ఒక ఆదివారం వాణ్ణి తీసుకుని వెళ్లండి.

మూడు: మీ ఇంట్లో పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు ఉంటే బీచ్‌కి పట్టుకెళ్లండి. వాటిని కంటి ముందు పెట్టి మెల్లగా తిప్పుతూ సముద్రం వైపు చూడమనండి. సూర్యుడి వైపు మాత్రం వద్దు. నీటి మీది తళుకు తగ్గి లోపలి రంగు పైకి వస్తుంది. 1921లో ఓడ మీద రామన్ చేసిన పని ఇంచుమించు ఇదే.

నాలుగు: రాత్రి పడుకునే ముందు, ఆ రోజు తమకు ఏదైనా నేర్పిన ఒకరి పేరు చెప్పమనండి. టీచరే కానక్కర్లేదు. పంక్చర్ వేసిన మనిషి కావచ్చు, చేప తాజాదో కాదో చూడటం నేర్పిన అమ్మమ్మ కావచ్చు. మీరూ ఒక పేరు చెప్పండి. అప్పుడప్పుడు ఆ పేరు మీ పిల్లవాడిదే అయితే ఇంకా మంచిది.

నేను చెప్పే పేరు ఆ వెనక బెంచీ అబ్బాయిది. మీటింగ్ అయిన మర్నాడే క్లాసులో అందరి ముందూ చెప్పాను: “ఆ రోజు నేను చెప్పిన జవాబు సరిగా లేదు. నువ్వు అడిగిందే సరైన ప్రశ్న.” వాడు తల దించుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఒక్క మాటతో మూసిన నోరు ఒక్క మాటతో తెరుచుకోదని అప్పుడు అర్థమైంది.

మూడో వారం, బెల్లు కొట్టాక, బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “మేడమ్, సిలబస్‌లో లేదు గానీ...” అని ఆగాడు. “డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ అంత ఎత్తున కొండ మీద ఎందుకు కట్టారు? ఓడలు కిందే కదా ఉంటాయి?”

ఈసారి జవాబు నాకు తెలుసు. అయినా చెప్పలేదు. కుర్చీ జరిపి, “కూర్చో. నువ్వేమనుకుంటున్నావు?” అన్నాను.

మీ,
భౌతిక శాస్త్ర ఉపాధ్యాయిని, ద్వారకా నగర్ క్యాంపస్