వైద్యమొకరికి, వ్యయమొకరికి

అంగడిలో వంకాయలు కొనుగృహస్థు ధర యడిగి, బేరమాడి, పుచ్చులేరివేసి మఱి తెచ్చుకొనును. ఆసుపత్రిలో నాతడే ధర యడుగడు. ఇచ్చువాడు తాను కాడు గదా! భీమాసంస్థయో ప్రభుత్వమో చెల్లించును. పుచ్చుకొనువానికిని మొగమాటముండదు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు వ్యయము పెరుగుచుండును.

ఇది వట్టి యూహ కాదు. అమెరికాలో ర్యాండ్ సంస్థవారు 1974 మొదలు 1982 వఱకు కొన్ని కుటుంబములకు ఉచితవైద్యమును, కొన్నింటికి ఖర్చులో భాగమును ఏర్పఱచి పరీక్షించిరి. పెద్దభాగము తామే భరించినవారి వ్యయము ఉచితముగా పొందినవారి వ్యయముకంటె సుమారు నూటికి 30 వంతులు తక్కువయ్యెను. సామాన్యుల ఆరోగ్యమునకు హాని కనబడలేదు. కాని రక్తపుపోటుగల బీదలకు మాత్రము ఉచితవైద్యమే మేలు చేసెను. బీదలచేత రుసుము కట్టింపుడని వాదించువారు ఈ కడపటి సంగతిని మఱచుచున్నారు.

మన ఆరోగ్యశ్రీ 2007లో మహబూబ్‌నగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైనది. పొలమమ్మిననే గాని లభింపని శస్త్రచికిత్సలు బీదలకు లభించినవి. అందులకు మేము సంతసించుచున్నాము. కాని యాపథకము ప్రధానముగా ఆసుపత్రిలో చేరినవారికే యేర్పడినది. దినదినము మ్రింగవలసిన మాత్రకు రాని సొమ్ము కోతకు వచ్చినపుడు, కత్తి యెటు మొగ్గునో చెప్పనక్కఱలేదు.

2008లో కేంద్రము కుటుంబమునకు ఏటికి 30,000 రూపాయల వఱకు చికిత్స నొసగు రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనను నెలకొల్పెను. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థానములలో అవసరము లేకయే స్త్రీల గర్భసంచులు తొలగించిరనియు, ఈపథకపు సొమ్మును అందులకు వాడుకొనిరనియు 2013లో సుప్రీంకోర్టున వ్యాజ్యము పడెను. మార్గదర్శకములను మూడు నెలలలో అమలుపఱుపుడని కోర్టు రాష్ట్రముల నాజ్ఞాపించుటకు 2023 ఏప్రిలు వచ్చెను. పదేండ్లు! ఆస్త్రీలు అత్యాశచే వైద్యము కోరినవారు కారు. వైద్యుని మాట నమ్మినవారు. ధర యడుగుడని వారికి బోధించినచో ఈయన్యాయము నిలుచునా?

కావున అంకుశము రోగిపై గాక, పుచ్చుకొనువానిపై నుండవలెను. అవయవమును తొలగించుటకు ముందు వేఱొక వైద్యుని అభిప్రాయము వ్రాతమూలముగా నుండవలెను. ఏ యాసుపత్రి ఏ శస్త్రచికిత్స లెన్ని చేసినదో, ఎంత పుచ్చుకొన్నదో ఏటేట ప్రకటింపవలెను. రోగి చేతికి తెలుగులో పట్టీ ఇయ్యవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, కోత కోతకు లాభము లేని సర్కారు ఆసుపత్రిని బాగుచేయవలెను.

చెల్లించు మూడవవాడు ఎవడో పరాయివాడని ప్రజలు తలంచుచున్నారు. ప్రభుత్వపథకములలో ఆమూడవవాడు పన్ను కట్టు మనమే. మన సొమ్ముతో మన ఆడుబిడ్డల శరీరములకు కీడు జరుగుచుండగా లెక్క యడుగకుండుట స్వరాజ్యమెఱిగిన ప్రజకు తగదు.