పాత వీణ, క్రొత్త వీణ



రెండేండ్లు వీణ నేర్చిన పిల్ల, “ఈ వీణ పలుకుట లేదమ్మా, మంచిది కొనిపెట్టుము” అని యడుగుట అనేక గృహములలో జరుగునదే. తల్లి సందేహమున బడును. ఉన్నదాని నమ్మి మేలైనదానిని గొనవలెనా? లేక సాధన చేయలేక పిల్ల వీణపై నెపము పెట్టుచున్నదా? దీనికి కోపముతో గాక పరీక్షతో బదులు చెప్పవలెను. అపశ్రుతి పలుకు వీణపై సాధన చేసిన బాలిక చెవి అపశ్రుతికే యలవాటు పడును. పిమ్మట “దీనికి సంగీతము రాదు” అను నింద పిల్లపై బడును గాని వీణపై బడదు.

పరీక్ష సులభమే. వీణకు మెట్లు 24. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయులు. ఈ యమరికకు 17వ శతాబ్ది తొలినాళ్లలో తంజావూరు నేలిన రఘునాథనాయకుని పేర రఘునాథమేళ మని ప్రసిద్ధి కలదు. సారణి తీగను విడిగా నొకసారి మీటి, పిదప 12వ మెట్టుపై నొక్కి మీటుడు. రెండవ నాదము సరిగా పై షడ్జము కావలెను. కాకున్నచో, తఱచుగ దోషము కొయ్యది కాదు, మైనముది. మెట్లు తేనెమైనము కలిపిన నల్లని ముద్దపై నిలిచియుండును. మా మానుకోట వేసవి యెండలకు అది మెత్తబడి మెట్లు కదలును. అట్టియెడ వీణను మార్చనక్కఱ లేదు. తెలిసిన పనివానిచే మేళము కట్టించిన చాలును. గుఱ్ఱముపై రేకు గాడిపడి తీగ బుసకొట్టినను, బిరడలు జాఱినను, వానిని బాగుచేయింపవచ్చును.

దండి వంగుట, కుండ పగులుట, కొయ్యను పురుగు తొలుచుట వేఱు. ఇవి యున్నచో మార్పే మేలు.

అమ్మునపుడు లోపములను దాచరాదు. కొనువారింటను ఒక చిన్నపిల్ల యుండును. మన పిల్లను బాధించిన దోషమును మఱియొక పిల్లకు తెలుపక అంటగట్టుట ధర్మము కాదు. లోపము చెప్పి ధర తగ్గించుడు. పాత వీణకు ఏనుగు దంతపు పొదుగున్నచో అమ్మకమునకు పెట్టకుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని సవరణలను బట్టి దంతవిక్రయము నిషిద్ధము.

ఇక కొనుట. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి పనివారు ఒకే పనసదుంగను తొలిచి చేయు ఏకాండ వీణకు పేరెక్కినవారు. బొబ్బిలి వీణకు 2011లో భౌగోళిక గుర్తింపు లభించినది. మా ప్రాంతమువారికి నూజివీడు దగ్గఱ. మానుకోటలో రైలెక్కి విజయవాడలో దిగి పోవచ్చును. యాళిముఖపు చెక్కడమును జూచి ధర యీయకుడు. గురువుగారిని వెంటబెట్టుకొనిపోయి, వారిచే నాలుగు వీణలు మీటించి, కన్నులు మూసికొని వినుడు. కొయ్య బాగుగ నారినదేనా యని యడుగుడు; పచ్చికొయ్య తరువాత వంగును, పగులును.

నేడు కొందఱు బాలికలు నేర్చు ఉకులేలే కూడ నీ న్యాయమునకు లోబడినదే. 1879లో పోర్చుగీసు వలసవారు హవాయి దీవులకు గొనిపోయిన చిన్న వాద్యమునుండి పుట్టిన ఈ నాలుగు తీగల వాద్యమునకును 12వ మెట్టు పరీక్ష చెల్లును. పాత తీగలు మార్చి చూచిన పిదపనే దాని నమ్మ దలపెట్టుడు.

కడపట నొక్క మాట. కోడలు పుట్టింటినుండి తెచ్చుకొన్న వీణ స్త్రీధనము. యాజ్ఞవల్క్యస్మృతి స్త్రీధనమును వేఱుగ పేర్కొన్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ యాస్తిపై ఆమెకే సంపూర్ణ స్వామ్యము నిచ్చినది. కావున ఆమె యనుమతి లేక దాని నమ్మరాదు. అమ్మగా వచ్చిన పైకమును ఆమెదే. ఆ పైకము ఇంటి బియ్యము, పప్పులలో కలిసినచో, పాత వీణ పోయి క్రొత్త వీణ రాక, ఆ యింట పాటయే యాగిపోవును. అందుచేత క్రొత్త వీణకు బయానా ఇచ్చిన పిమ్మటనే పాత వీణను గడప దాటనిండు.