వీధి చివర సూర్యుడు

మే నెలాఖరు సాయంత్రం. న్యూయార్క్‌లోని మాన్‌హటన్‌లో 42వ వీధి మీదుగా వెళ్లే ట్యూడర్ సిటీ వంతెన జనంతో కిక్కిరిసి ఉంటుంది. గంటల ముందే వచ్చి చోటు పట్టుకున్నవాళ్లే అంతా. ఎనిమిది దాటాక సూర్యుడు ఆకాశహర్మ్యాల నడుమకు దిగి, సరిగ్గా రోడ్డు మధ్యకు వస్తాడు. రెండు పక్కలా గోడలు రాగిరంగు తిరుగుతాయి. సిగ్నల్ పడగానే ఫోన్లు పైకెత్తి జనం రోడ్డు మధ్యకు పరుగెత్తుతారు. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోతుంది.

ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ దీన్ని 'మాన్‌హటన్‌హెంజ్' పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. హడ్సన్ నది అవతల న్యూజెర్సీలో ఉంటున్న వేలాది తెలుగు కుటుంబాలకు ఇది నది దాటితే చూడగల వింత.

నిజానికి ఈ వీధులను ఎవరూ సూర్యుడి కోసం గీయలేదు. 1811లో నగర ప్రణాళిక వేసినవాళ్లు మాన్‌హటన్ ద్వీపం ఒరిగిన దిశను బట్టి గళ్లు గీశారు. అందుకే అక్కడి అడ్డవీధులు నేరుగా పడమరకు కాక, దాదాపు 29 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటాయి. ఉత్తరాయణం చివర, జూన్ 21 ప్రాంతంలో, న్యూయార్క్ సూర్యుడు పడమటి నుంచి ఉత్తరానికి సుమారు 32 డిగ్రీల దాకా జరిగి అస్తమిస్తాడు. అంటే ఆ వీధుల దిశను కొంచెం దాటి, మళ్లీ వెనక్కి వస్తాడు. పోయేటప్పుడు మే నెలాఖరులో ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు జూలై రెండో వారంలో ఒకసారి వీధి చివర నిలుస్తాడు. ఇంకో నాలుగు డిగ్రీలు ఎక్కువ ఒరిగి ఉంటే ఈ దృశ్యమే ఉండేది కాదు. షికాగో వీధులు నేరుగా తూర్పు పడమరలుగా ఉన్నాయి కాబట్టి అక్కడ ఇదే దృశ్యం పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే మార్చి, సెప్టెంబరు విషువత్తులకు కనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా అరసవల్లిలో జరిగేదీ ఇదే సూత్రం మీద. మార్చి రెండో వారంలో, అక్టోబరు తొలి రోజుల్లో ఉదయపు కిరణాలు ఆలయంలోని అనివెట్టి మండపం గుండా సాగి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. దక్షిణాయనంలో పోతూ ఒకసారి, ఉత్తరాయణంలో వస్తూ ఒకసారి సూర్యుడు ఆకాశంలో ఒకే చోటు దాటడమే అందుకు కారణం.

ఇంత చక్కటి పాఠం కళ్లెదుట ఉన్నా, సూర్యుడు తూర్పున ఉదయించి పడమర అస్తమిస్తాడని పిల్లల చేత వల్లె వేయించి ఊరుకుంటున్నాం. సూర్యుడు కచ్చితంగా పడమరనే అస్తమించేది ఏడాదిలో రెండు రోజులే. మిగతా రోజులన్నీ అటో ఇటో జరుగుతూనే ఉంటాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ జరుగుడు పడమటికి చెరో పక్క సుమారు 25 డిగ్రీలు. ఆ పరిధిలో చూసే ప్రతి తిన్నటి వీధికీ, అది విజయవాడదైనా వరంగల్‌దైనా, ఏడాదికి రెండుసార్లు ఇలాంటి సాయంత్రం వస్తుంది. టెలిస్కోపు అక్కర్లేదు, ఖర్చు లేదు.

బడి మేడ మీద నిలబడి, సూర్యుడు ఏ వాటర్ ట్యాంకు పక్కన, ఏ చెట్టు వెనక అస్తమిస్తున్నాడో వారానికోసారి పిల్లలతో రాయిస్తే చాలు. అయితే సూర్యుణ్ణి తేరిపార చూడనివ్వకూడదు. బైనాక్యులర్స్‌తో అసలే చూడనివ్వకూడదు. నీడను చూడటం మేలు. అస్తమయ వేళ కరెంటు స్తంభం నీడ రోడ్డు అంచుకు సమాంతరంగా పడిందంటే ఆ వీధికి ఆ రోజు వచ్చినట్టే.

పాఠశాల విద్యాశాఖలు దీన్ని ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఏడాది పొడవునా సాగే ప్రాజెక్టుగా పెట్టాలి. ఉత్తర్వులు వచ్చేదాకా ఉపాధ్యాయులు ఆగనక్కర్లేదు. సెప్టెంబరు 22 లేదా 23న వచ్చే విషువత్తు సాయంత్రం పిల్లలను మేడ మీదకు తీసుకెళ్లి మొదలుపెట్టవచ్చు.