నీరు పోయడానికీ జ్ఞానం కావాలి



మా మద్రసాలో వుజూ చేసే చోటుకు ఆనుకుని గులాబీ మొక్కల వరుస ఒకటి ఉంది. ఒక విశ్వాసి నాటిన మొక్క నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఈ పాఠం విన్న పిల్లలు ప్రతిరోజూ మగ్రిబ్ వేళ చెంబులతో నీళ్ళు తెచ్చి మొక్కలపై కుమ్మరించసాగారు. మేము వారిని మనసారా మెచ్చుకున్నాము.

వర్షాకాలం వచ్చేసరికి ఆకులపై నల్లని గుండ్రటి మచ్చలు ఏర్పడ్డాయి. వాటి అంచులు నూలుపోగులు విడినట్లుగా ఉన్నాయి. చుట్టూ ఆకు పసుపుబారింది. క్రింది ఆకులతో మొదలై క్రమంగా కొమ్మలన్నీ బోసిపోయాయి. నజర్ తగిలిందని కొందరన్నారు. నజర్ సత్యమే; అయితే కంటికి కనిపించే కారణాన్ని వెతకకుండా నెపాన్ని దానిపై నెట్టడం తగదు.

ఇది నల్ల మచ్చ తెగులు. దీనికి ఒక శిలీంధ్రం కారణం. దాని బీజాలు నీటి తుంపరలతో ఆకు నుండి ఆకుకు చిందుతాయి. ఆకు సుమారు 7 గంటలు తడిగా ఉంటే చాలు, అవి మొలకెత్తి లోనికి చొచ్చుకుపోతాయి. మగ్రిబ్ వేళ తడిసిన ఆకు వానాకాలంలో ఫజ్ర్ వరకు ఆరదు. అంటే తెగులుకు కావలసిన తడిని ప్రతి రాత్రీ మేమే సమకూర్చాము!

అప్పటి నుండి పద్ధతి మార్చాము. నీటిని ఉదయం పూట, ఆకులు తడవకుండా మొదట్లోనే పోస్తున్నాము. గాలి, ఎండ తగిలేలా ఒత్తు కొమ్మలను కత్తిరించాము. అన్నిటికన్నా ముఖ్యమైనది రాలిన ఆకులను ఏరివేయడం. ఎందుకంటే శిలీంధ్రం వాటిలోనే దాగి ఉండి, తిరిగి చిగుళ్ళకు ఎక్కుతుంది. వాటిని ఎరువు గుంటలో వేయరాదు, గోడ అవతల పొరుగువారి వైపు విసరరాదు. లోతుగా పూడ్చాలి.

అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి, 10 రోజుల వ్యవధితో పిచికారీ చేయవచ్చు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి. మచ్చపడిన ఆకు మళ్ళీ పచ్చబడదు; మందు కొత్త ఆకులను మాత్రమే కాపాడుతుంది. సోదరీమణులకు ఒక ప్రత్యేక విన్నపం: మందు చల్లిన మొక్కల పూలను గుల్కంద్‌కు, షర్బత్‌కు వాడకండి. పిల్లలను ఆ రేకులు నోట పెట్టనివ్వకండి.

ఈ వ్యవహారంలో తప్పు పిల్లలది కాదు. సంకల్పం మంచిదైతే చాలునని తలచి, పని చేసే తీరు నేర్పకుండా మెచ్చుకున్న మాది. ఆ మాట వారి ఎదుటే ఒప్పుకున్నాము. ఇప్పుడు ఫజ్ర్ తరువాత చెంబులు పట్టుకుని వచ్చే పిల్లలు, ముందుగా వంగి రాలిన ఆకులు ఏరుతున్నారు.

అల్లాహ్ మనందరికీ మేలు చేసే జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.